పావుగీత

ముందు ఒక దగ్గు.
తర్వాత ఇంకోటి, కాస్త లోతుగా.
యాక్సిలరేటర్ తొక్కితే పాదం కింద ఏమీ లేదు,
చీకట్లో ఇంకో మెట్టుందనుకుని వేసిన అడుగులా.
వారధి నడిమధ్యన, కింద కృష్ణ,
వెనక ముప్పై రెండు టిక్కీల మిర్చి,
నా పికప్పు నిలబడిపోయింది.

లారీలు హారన్లతో తిట్టి పక్కనుంచి పోయాయి.
బానెట్టెత్తి ప్రైమరు బుడిపె మీద బొటనవేలు పెట్టి
నొక్కాను, నొక్కాను,
మొదట పిల్లి పొట్టలా మెత్తగా ఉంది,
వేలు తిమ్మిరెక్కేసరికి రాయిలా బిగిసింది.
తాళం తిప్పితే లేచింది.
కాజా టోల్‌గేటు దాకా మర్యాదగా నడిచి
అక్కడ మళ్ళీ దగ్గింది.

గుంటూరు యార్డు చేరేసరికి పాట అయిపోయింది.
ఆ రాత్రి సరుకు బండిలోనే పడుకుంది,
నేను దాని పక్కన, తెల్లార్లూ తుమ్ముతూ.

మొదటివాడు ఫిల్టరు మార్చాడు.
రెండోవాడు డీజిల్లో నీళ్ళన్నాడు,
సీసాలో పట్టి చూపించాడు కూడా.
నిజమే, ఉన్నాయి, ఓ చెంచాడు.
మూడోవాడి బోర్డు మీద కంప్యూటర్ బొమ్మ ఉంది.
నాలుగు ఇంజెక్టర్లూ పీకి ల్యాబుకి పంపాడు,
రెండు నెలల ఫైనాన్సు వాయిదాలు
ఆ బిల్లులోకి ఇంకిపోయాయి.
వాళ్ళు దొంగలని నేననను.
పనయ్యాక ప్రతివాడూ
ట్యాంకు నిండుగా కొట్టించి (నా డబ్బులతోనే)
రామవరప్పాడు రింగు దాకా తిప్పి తెచ్చి
"చూస్కో, గుర్రం" అన్నాడు.
గుర్రమే.
నాలుగు రోజుల పాటు గుర్రమే.

ఆటోనగర్‌లో మీరావలి షెడ్డుకి నేను వెళ్ళేసరికి
పెసరట్టు తింటున్నాడు.
బండి వైపు చూడనైనా లేదు.
"ఎక్కడెక్కడ ఆగింది?"
వారధి మీద, కాజా దగ్గర,
గొల్లపూడిలో రెండుసార్లు, పెదకాకాని దాటాక...
"ఊళ్ళు కాదయ్యా. ముల్లు ఎక్కడుండగా ఆగింది?"

ముల్లు.
ఎవరూ అడగని ప్రశ్న, నేనూ అడుక్కోనిది.
డీజిల్ మీటర్లో నా ముల్లు
పావుగీత చుట్టూనే బతుకుతుంది,
వేలెడు పైకి, వేలెడు కిందికి.
నేను కొట్టించేది ఐదొందలకి.
ఆ కిరాయి చేతికొస్తే ఇంకో ఐదొందలకి.
దాన్ని నిండుగా లేపింది ఆ ముగ్గురే.

"ఐదొందల గిరాకీకే వచ్చే జబ్బిది" అన్నాడు,
అల్లం చట్నీ చేతిని గుడ్డకి తుడుచుకుంటూ.
"షావుకార్ల బళ్ళకి ఉన్నా బయటపడదు."

ట్యాంకు దించారు.
కుర్రాడు ఏసుపాదం టార్చి పట్టాడు.
అడుగు నుంచి పీల్చే గొట్టానికి
జానెడు ఎత్తున, సరిగ్గా నా పావుగీత దగ్గర,
వెంట్రుక మందాన పగులు.
మీరావలి గొట్టం కొస వేలితో మూసి
రెండో కొస నోట్లో పెట్టుకుని ఊదాడు.
సన్నగా, దోమ పాడినట్టు, ఈల.
పగులు పైన డీజిలుంటే డీజిలే తాగుతుంది.
మట్టం దిగిందా, గాలి తాగుతుంది.
చుక్క కారదు. నేల మీద మరకుండదు.
లీకంటే బయటికి పోయేదేననుకున్నాను
పదిహేనేళ్ళుగా స్టీరింగు పట్టుకుని.

గొట్టం నాలుగొందల యాభై, కూలి మూడొందలు.
నేను లెక్కపెడుతుంటే నా మొహం చూసి
"పాత ఇంజెక్టర్లు తెచ్చుకున్నావా, అక్కడే వదిలేశావా?" అన్నాడు.
వదిలేశాను.
ఉమ్మేసి, ఇంకేం అనలేదు.

బంకులో కుర్రాడు ఎప్పట్లానే అడిగాడు, ఎంతకని.
ఎప్పట్లానే చెప్పాను.

ఆ వారం కంచికచర్లలో లోడెత్తి
వారధి ఎక్కేసరికి ముల్లు పావుగీత కింద,
ఎర్రరంగుని వాసన చూస్తోంది.
బండి దగ్గలేదు.
నది దాటింది, మంగళగిరి దాటింది,
కాజాలో చీటీ తీసుకుని ముందుకే పోయింది.
నా కుడికాలు మాత్రం
యాక్సిలరేటర్ మీద చెవి ఆనించి
ఇంకా వింటూనే ఉంది.